ఉక్కుగా మారనిదంతా ఎటు పోతోంది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఉక్కు పరిశ్రమ కాలుష్యం, వ్యర్థాల గురించి గత నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. కర్మాగారాల పర్యావరణ విభాగాల్లో చాలాకాలం పనిచేసినవాడిని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్తవి కావు. అయితే వీటిని ఇంత సూటిగా అడిగినవారు అప్పట్లో తక్కువ.

ప్రశ్న: మా ఇల్లు ఒక పెద్ద ఉక్కు కర్మాగారానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. డాబా మీద ఆరేసిన బట్టలకు నల్లటి పొడి అంటుకుంటోంది. వడియాలు పెట్టుకోవడం మానేసి ఏళ్లయింది. అడిగితే, చిమ్నీ పొగ పరిమితుల్లోనే ఉందని కాగితాలు చూపిస్తున్నారు. మరి ఈ పొడి ఎక్కడిది? మేమేం చేయగలం? (ఒక గృహిణి, ఊరి పేరు వేయవద్దన్నారు)

అమ్మా, మీ డాబా మీది పొడీ నిజమే, వారు చూపిస్తున్న కాగితాలూ నిజమే కావచ్చు. చిమ్నీ దగ్గర కొలిచేది చిమ్నీ గుండా పోయే దుమ్మును మాత్రమే. సింటర్ ప్లాంటు (ఖనిజపు పొడిని వేడితో ముద్దలు కట్టించే విభాగం) పొగను ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ (విద్యుత్తుతో దుమ్మును పట్టే యంత్రం) గుండా, బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే కొలిమి) దగ్గర ద్రవ ఇనుము బయటికి వచ్చే చోట లేచే పొగను బ్యాగ్ ఫిల్టర్ల (గుడ్డ సంచుల వడపోతల) గుండా పంపిన తరువాతే చిమ్నీకి ఎక్కిస్తారు కాబట్టి, ఆ యంత్రాలు రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తున్నంతవరకు అక్కడ మిగిలే దుమ్ము తక్కువగానే ఉంటుంది. అసలు చిమ్నీ దాకా చేరకుండానే గాలిలో కలిసే దుమ్ము వేరే ఉంది. ఇంజనీర్లు దాన్ని ఫ్యుజిటివ్ డస్ట్ అంటారు, అంటే పట్టుబడకుండా తప్పించుకున్న దుమ్ము. ఏ గొట్టం లోపలా అది ప్రవహించదు కాబట్టి ఏ గొట్టానికి అమర్చిన మీటరూ దాన్ని చూపించదు.

ఇది ఎంత ఉంటుందో ఊహించడానికి ఒక లెక్క చెబుతాను. బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతిలో, ప్రపంచ సగటున ఒక టన్ను ఉక్కు చేయడానికి సుమారు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 0.8 టన్ను బొగ్గు, 0.3 టన్ను సున్నపురాయి కావాలి. అంటే దాదాపు రెండున్నర టన్నుల రాయీ పొడీ ఓడ నుంచో రైలు నుంచో దిగి, యార్డులో గుట్టగా పడి, కన్వేయర్ బెల్టు ఎక్కి, ఒక బెల్టు మీది నుంచి మరో బెల్టు మీదికి జారి, జల్లెడలు దాటి కొలిమికి చేరుతుంది. ఏడాదికి 50 లక్షల టన్నుల ఉక్కు చేసే కర్మాగారంలో ఇలా కదిలే సరుకు కోటీ పాతిక లక్షల టన్నులు. అందులో పదివేలలో ఒక వంతు మాత్రమే గాలికి ఎగిరిందనుకున్నా 1,250 టన్నులు అవుతుంది. మీ వడియాలు పాడు చేయడానికి అందులో పిడికెడు చాలు.

ఈ పొడి ఏ చోటు నుంచి వస్తోందో మీరే కొంతవరకు గుర్తించవచ్చు. డాబా మీద తెల్లటి పళ్లెం ఒకటి ఇరవై నాలుగు గంటలు ఉంచి, పడిన పొడిని కాగితం మీదికి దులిపి, కాగితం అడుగున అయస్కాంతం కదపండి. పొడి అయస్కాంతం వెంట పరుగెత్తితే సింటర్ ప్లాంటు, ఉక్కు కన్వర్టర్లు (ద్రవ ఇనుమును ఉక్కుగా మార్చే పాత్రలు), రోలింగ్ మిల్లుల (ఉక్కును సాగదీసే విభాగాల) వైపు నుంచి వచ్చే అవకాశం ఎక్కువ. కదలకుండా నల్లగా, తేలికగా ఉంటే బొగ్గు యార్డునో, గాలి తగలకుండా బొగ్గును కాల్చి కోక్‌గా మార్చే కోక్ ఓవెన్లనో అనుమానించాలి. ఎర్రగా ఉంటే ఖనిజపు గుట్ట కావచ్చు. ఇది ప్రయోగశాల పరీక్షతో సమానం కాదు, కానీ ఎటువైపు చూడాలో చెబుతుంది. పొగ రంగు కూడా కొంత సమాచారం ఇస్తుంది. కన్వర్టర్ మీద నుంచి ఇటుక రంగు పొగ లేచిందంటే సన్నటి ఐరన్ ఆక్సైడ్ బయటపడుతోందని అర్థం. కోక్ ఓవెన్ల దగ్గర పసుపు కలిసిన దట్టమైన పొగ కనిపిస్తే, బొగ్గు పూర్తిగా ఉడకకముందే బయటికి తోశారనో, తలుపులు సరిగా మూసుకోలేదనో అనుకోవాలి. చిమ్నీ పైన తెల్లగా లేచి కొద్ది దూరంలోనే కరిగిపోయేది చాలాసార్లు నీటి ఆవిరే. దాని మీద ఫిర్యాదు చేస్తే మీ మిగతా ఫిర్యాదుల విలువ కూడా తగ్గుతుంది.

పళ్లెంతో పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి వీచింది, పొడి ఎంత, ఏ రంగు, అంతే రాయండి. మూడు నెలల పాటు నాలుగైదు ఇళ్లవారు ఇలా రాస్తే ఏ గాలికి, ఏ వేళకు, ఏ పొడి వస్తోందో వరుస కనబడుతుంది. రాత్రి రెండు గంటలప్పుడే ఎక్కువగా వస్తోందంటే దానికీ ఒక కారణం ఉంటుంది, అదేమిటని అడగవచ్చు. జపాన్‌లోని కితాక్యూషూలో, యహతా ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన పారిశ్రామిక ప్రాంతంలో, 1950, 60 దశకాల్లో అక్కడి తొబాతా పేట మహిళా సంఘాల వారు చేసింది సరిగ్గా ఇదే. ఆరేసిన దుప్పట్ల మీద పడే మసినే సాక్ష్యంగా పట్టుకుని, పడే దుమ్మును కొలిచి, ఆ అంకెలతో నగరపాలక సంస్థ ముందూ కర్మాగారాల ముందూ నిలబడ్డారు. మృత సముద్రమని పేరుపడ్డ అక్కడి దోకాయ్ అఖాతంలో తరువాతి దశాబ్దాల్లో చేపలు తిరిగి వచ్చాయి. ఇటలీలోని తారాంతోలో గాలి బలంగా వీచే రోజుల్లో కర్మాగారం పక్కనున్న పేటలో బడులు మూసే పరిస్థితి కూడా వచ్చింది. చివరికి అక్కడి ఖనిజం, బొగ్గు గుట్టల మీద బ్రహ్మాండమైన కప్పు వేశారు. గుట్టకు కప్పు వేయడం, బెల్టులు మూసి ఉంచడం, రోడ్లు కడగడం కొత్త విద్యలేమీ కావు. ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఒక్కటే కావాలి.

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి మీ నోటుపుస్తకం నకలు జతచేసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, అనుమతి పొందిన కర్మాగారం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి, అవి ప్రజాపత్రాలు. ఆ నివేదికలో దుమ్ము అణచడానికి ఏం చేస్తున్నామని రాశారో చదివి, మీ పళ్లెంలో పడినదానితో పోల్చండి.

ఒక జాగ్రత్త. కంటికి కనిపించే నల్లపొడి చాలావరకు ముక్కూ గొంతూ దాటి లోతుకు పోదు. ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేది కంటికి కనిపించని పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లకు మించని సన్నటి ధూళి. మన జాతీయ ప్రమాణాల ప్రకారం అది ఘనపు మీటరు గాలిలో ఇరవై నాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములు, వార్షిక సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదు. కాబట్టి మీ కాలనీలో పీఎం 2.5 కొలిచే యంత్రం పెట్టమని అడగడం కూడా ఫిర్యాదులో చేర్చండి.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. స్థలం పల్లంలో ఉంది. మట్టికి బదులు ఉక్కు కర్మాగారపు స్లాగ్ చవగ్గా పోయిస్తానని, అది రాయిలా గట్టిపడుతుందని కాంట్రాక్టరు అంటున్నాడు. పోయించవచ్చా? (ఒక ప్రైవేటు ఉద్యోగి, విజయనగరం)

ఏ స్లాగ్ అని ముందు అడగండి. స్లాగ్ అన్న ఒక్క పేరు కింద రెండు వేరు వేరు పదార్థాలు లారీలెక్కుతున్నాయి.

మొదటిది బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్. ఖనిజంలోని మట్టి, కోక్‌లోని బూడిద సున్నపురాయితో కలిసి కరిగి ద్రవ ఇనుము మీద తేలే పదార్థం ఇది. మన ఖనిజంలో అల్యూమినా, మన బొగ్గులో బూడిద ఎక్కువ కావడం వల్ల ఒక టన్ను ద్రవ ఇనుముకు 300 నుంచి 400 కిలోల దాకా వస్తుంది. సుమారు 1,500 డిగ్రీల వేడితో వచ్చే దీని మీద నీటిని బలంగా చిమ్మితే గాజు గుణం ఉన్న ఇసుకలా విడిపోతుంది. ఆ ఇసుకను మెత్తగా నూరితే సిమెంటులో క్లింకర్‌కు (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు ముడిసరుకుకు) బదులు పనిచేస్తుంది. పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటులో ఇది 25 నుంచి 70 శాతం దాకా ఉండవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 455 చెబుతోంది. ఒక టన్ను క్లింకర్ కాల్చితే దాదాపు 0.8 టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది కాబట్టి, ఇలా వాడిన ప్రతి టన్ను స్లాగ్ ఆ మేరకు మరో పరిశ్రమ పొగను తగ్గిస్తోంది. ఉక్కు కర్మాగారపు వ్యర్థాల్లో ఇంత చక్కగా గతి కుదిరినది మరొకటి లేదు. అందుకే ఇది మీ కాంట్రాక్టరుకు అంత చవగ్గా దొరికే అవకాశం తక్కువ. సిమెంటు కంపెనీలే కొనుక్కుపోతాయి.

చవగ్గా దొరికేది రెండోది, ఉక్కు కన్వర్టర్ నుంచి వచ్చే ఎల్‌డీ స్లాగ్. చూడ్డానికి నల్లటి కంకరలా, బరువుగా, నమ్మకం కలిగించేలా ఉంటుంది. దీని లోపల కరగకుండా మిగిలిపోయిన సున్నం ఉంటుంది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే అది పొంగి పొడి అవడం మన పెద్దలు సున్నం బట్టీల దగ్గర రోజూ చూసిందే. అదే ఇక్కడ గచ్చు కింద, చీకట్లో, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. సున్నం నీటిని పీల్చుకున్నప్పుడు దాని పరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో గృహప్రవేశమైన మూడో ఏడు హాలు మధ్య గచ్చు తాబేటి చిప్పలా లేచి, తలుపులు తెరుచుకోవడం మానేశాయి. ఆ ఇంటాయన పునాది మీదా మేస్త్రీ మీదా అనుమానపడి రెండుసార్లు పలకలు మార్పించాడు. గచ్చు కింద ఏమి పోశారో మాత్రం ఎవరినీ అడగలేదు.

పోయించవద్దు. ముఖ్యంగా బావి, బోరు దగ్గరలో ఉంటే అసలు వద్దు, స్లాగ్ నుంచి ఊరే నీటిలో క్షారగుణం బాగా ఎక్కువ.

అలాగని ఎల్‌డీ స్లాగ్ పనికిరాని వస్తువు అనుకోకండి. నెలల తరబడి ఎండకూ వానకూ వదిలి, లేదా ఆవిరి పట్టించి, ఆ సున్నాన్ని ముందే పొంగనిచ్చి, ఇనుప తునకలను అయస్కాంతంతో ఏరి, పరీక్షించిన తరువాత అది మంచి రోడ్డు కంకర. 2022లో సూరత్ దగ్గర హజీరాలో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ పర్యవేక్షణలో శుద్ధిచేసిన ఉక్కు స్లాగ్‌తో ఆరు వరుసల రోడ్డు ఒక కిలోమీటరు వేశారు. భారీ లారీలు దాని మీదే తిరుగుతున్నాయి. రోడ్డుకు పనికొచ్చింది కదా అని శుద్ధి చేయని స్లాగ్‌ను ఇంటి కింద పోయడం మాత్రం పూర్తిగా వేరే సంగతి.

ప్రశ్న: విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్‌ను నీళ్లు పోయకుండా చల్లారుస్తారని విన్నాను. నిజమేనా? దానివల్ల మేలేమిటి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, అనకాపల్లి)

నిజమే. దేశంలో కోక్ డ్రై క్వెంచింగ్ మొదట పెట్టింది అక్కడే. సోవియట్ సహకారంతో కట్టిన కర్మాగారం కావడం, ఆ పద్ధతిని పెద్ద ఎత్తున అభివృద్ధి చేసింది సోవియట్ ఇంజనీర్లే కావడం అందుకు కలిసివచ్చాయి.

కోక్ ఓవెన్ నుంచి బయటికి తోసినప్పుడు కోక్ సుమారు వెయ్యి డిగ్రీల వేడితో భగభగమంటూ ఉంటుంది. గాలి తగిలితే అలాగే కాలిపోతుంది కాబట్టి వెంటనే ఆర్పాలి. పాత పద్ధతిలో దాన్ని ఒక బురుజు కిందికి తెచ్చి నీళ్లు కుమ్మరిస్తారు. తెల్లటి ఆవిరి ఆకాశానికి లేస్తుంది, దానితోపాటు కోక్ పొడి లేస్తుంది. ఫినాల్, సయనైడ్ ఉన్న మురుగు నీటినే చల్లార్చడానికి వాడిన చోట ఆ విషాలూ లేస్తాయి. టన్ను కోక్‌కు సుమారు అర టన్ను నీరు ఆవిరైపోతుంది, ఆ వేడి అంతా వృథా. పొడి పద్ధతిలో మూసిన గదిలో నైట్రోజన్ వంటి జడవాయువును కోక్ మధ్యగా తిప్పుతారు. వాయువు ఆ వేడిని మోసుకెళ్లి బాయిలర్‌లో ఆవిరి పుట్టిస్తుంది, ఆ ఆవిరితో కరెంటు తీస్తారు. పొడి లోపలే చిక్కుతుంది, నీరు మిగులుతుంది, ఒక్కసారిగా నీళ్లు పడి పగిలే బాధ తప్పడం వల్ల కోక్ కూడా గట్టిగా ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువు ఒత్తిడితో టర్బైన్ తిప్పి కరెంటు తీసే ఏర్పాటు కూడా విశాఖలో ఉంది. కాలుష్య నియంత్రణ అనగానే ఖర్చు అనే యాజమాన్యాలకు నేను చూపించే ఉదాహరణలు ఈ రెండూ.

కోక్ ఓవెన్ల మురుగునీటి గురించి కూడా ఒక మాట. దానిని శుద్ధి చేసేది ప్రధానంగా సూక్ష్మజీవులు. ఫినాల్‌ను ఆహారంగా అలవాటు చేసుకున్న బ్యాక్టీరియాను పెద్ద తొట్లలో గాలి ఊదుతూ పెంచుతారు. బయటికి వదిలే నీటిలో లీటరుకు ఫినాల్ ఒక మిల్లీగ్రాము, సయనైడ్ 0.2 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన ప్రమాణం. ఆ జీవులు సున్నితమైనవి. ఒక్కసారిగా గాఢమైన మురుగు వచ్చిపడితే చనిపోతాయి, మళ్లీ పెంచుకోవడానికి వారాలు పడుతుంది. ఈ తొట్ల దగ్గర పనిచేసే కెమిస్టులకు పశువులను సాకే రైతు ఓర్పు ఉండాలి.

ప్రశ్న: మాది చిన్న వైర్ డ్రాయింగ్ యూనిట్. తుప్పు తీయడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతాం. వాడేసిన యాసిడ్‌ను ఒక ట్యాంకరు అతను ఉచితంగా తీసుకెళ్తానంటున్నాడు. ఇవ్వవచ్చా? (ఒక యజమాని, హైదరాబాద్ శివార్లు)

మీరు ముందుగా అడిగినందుకు సంతోషం. ఇవ్వవద్దు. యాసిడ్‌ను ఉచితంగా మోసుకెళ్లే వ్యక్తి దాన్ని ఎక్కడో ఉచితంగానే వదిలించుకుంటాడు, అది సాధారణంగా అర్ధరాత్రి వేళ వాన కాలువ. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన యాసిడ్ ప్రమాదకర వ్యర్థం, దాని బాధ్యత పుట్టించినవారిది. కాలుష్య నియంత్రణ మండలి అధికారపత్రం ఉన్నవారికి మాత్రమే, మ్యానిఫెస్టు పత్రంతో (సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చూపే పత్రం), తొంభై రోజుల్లోపు పంపాలి. అదే నిబంధనల్లో తొమ్మిదవది, ఇలాంటి వ్యర్థాన్ని మరో పరిశ్రమ ముడిసరుకుగా వాడుకోవడానికి దారి చూపుతోంది. మీ యాసిడ్‌లో కరిగి ఉన్నది ఇనుమే కాబట్టి, దాని నుంచి నీటి శుద్ధికి వాడే ఫెర్రిక్ క్లోరైడ్ చేసే అనుమతి పొందిన యూనిట్లు ఉన్నాయి, మండలి కార్యాలయంలో వారి వివరాలు అడగండి. అది కుదరకపోతే సున్నంతో తటస్థం చేసి, వచ్చిన బురదను దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పెద్ద కోల్డ్ రోలింగ్ మిల్లులు యాసిడ్‌ను కాల్చి తిరిగి యాసిడ్‌గానూ, ఐరన్ ఆక్సైడ్ పొడిగానూ విడదీసుకుంటాయి. ఆ పొడిని అయస్కాంతాలు చేసేవారు కొంటారు. మీ పరిమాణానికి ఆ యంత్రం గిట్టదు.

మీకు వెంటనే గిట్టే పని వేరే ఉంది. తీగ చుట్టను యాసిడ్ తొట్టి మీద మరో నిమిషం వేలాడనివ్వండి, కారేదంతా తొట్టిలోనే కారుతుంది. కడిగే తొట్లు మూడు వరుసగా పెట్టి, మంచినీరు చివరి తొట్టిలోకి వచ్చి మొదటి తొట్టి వైపు పారేలా చేయండి. కడుగు నీరు ఎంత తగ్గిందో మొదటి నెలలోనే మీటరులో మీకే కనబడుతుంది.

ప్రశ్న: హైడ్రోజన్‌తో ఉక్కు తయారైతే కాలుష్యం పూర్తిగా పోతుందా? (ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్)

కొలిమిలో కార్బన్ చేసే పని వేడినివ్వడం ఒక్కటే కాదు, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగి తీసుకుపోవడం కూడా. అందుకే సౌర విద్యుత్తు పెట్టుకున్నంత మాత్రాన బ్లాస్ట్ ఫర్నేస్ పొగ పోదు. హైడ్రోజన్ అదే ఆక్సిజన్‌ను లాగి నీరుగా మారుతుంది. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ అనే, హైడ్రోజన్‌తో ఇనుము తీసే ప్రయోగ కర్మాగారం 2020లో మొదలై, మరుసటి ఏడాదే ఆ ఇనుముతో చేసిన ఉక్కును అందించింది. కానీ స్వీడన్‌కు జలవిద్యుత్తు ఉంది. బొగ్గు కరెంటుతో హైడ్రోజన్ తీస్తే పొగ ఒక చిమ్నీ నుంచి మరో చిమ్నీకి మారుతుంది, అంతే.

ప్రపంచ సగటున టన్ను ఉక్కుకు సుమారు 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంటే మన దేశంలో అది సుమారు 2.5 టన్నులు. 2024 డిసెంబరులో కేంద్ర ఉక్కు శాఖ, 2.2 టన్నుల కంటే తక్కువ ఉన్నదాన్నే హరిత ఉక్కుగా గుర్తిస్తూ మూడు నుంచి అయిదు నక్షత్రాల శ్రేణి ప్రకటించింది. 1.6 కంటే తక్కువైతే అయిదు నక్షత్రాలు. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి సరిహద్దు కార్బన్ విధానాన్ని (దిగుమతుల తయారీలో వెలువడిన కార్బన్‌కు రుసుము వేసే విధానాన్ని) పూర్తి స్థాయిలోకి తెచ్చింది కాబట్టి ఎగుమతిదారులకు ఈ అంకె డబ్బుతో ముడిపడింది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే ఈ నక్షత్రాలు గ్రీన్‌హౌస్ వాయువులను మాత్రమే లెక్కిస్తాయని మరిచిపోకండి. మొదటి ఉత్తరం రాసిన తల్లి డాబా మీది పొడి, వాన కాలువలోని యాసిడ్ ఆ లెక్కలో లేవు. తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసుకు కార్బన్ లెక్కలో మంచి అంకె రావచ్చు, కానీ గాల్వనైజ్ చేసిన (జింకు పూత ఉన్న) తుక్కు నుంచి జింకు, సీసం కలిసిన ప్రమాదకరమైన దుమ్ము వస్తుంది. దాన్ని పట్టి, జింకు తిరిగి తీసే చోటికి పంపాలి. మీరు ఈ రంగంలోకి వస్తే ఆ దుమ్ము మీద పనిచేయండి, చేయవలసింది చాలా ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు కోక్ ఓవెన్ల మీద ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేస్తున్నారు. పొడి దగ్గు తగ్గడం లేదు. భయపడాలా? (పేరు, ఊరు వద్దన్నారు)

దగ్గుకు కారణాలు చాలా ఉంటాయి. ముందు ఛాతీ వైద్యుడికి చూపించండి, పని ఏమిటో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ఆయనకు తప్పక చెప్పండి. చాలామంది రోగులు చెప్పరు, చాలామంది వైద్యులు అడగరు. ఓవెన్ల తలుపుల సందుల్లోంచి వచ్చే పొగలో బెంజీన్, బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారకాలు ఉంటాయి. కోక్ తయారీలో పనిచేయడం వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అందుకే లీకయ్యే తలుపులు కొత్త బ్యాటరీల్లో (ఓవెన్ల వరుసల్లో) నూటికి 5, పాతవాటిలో నూటికి 10 దాటకూడదని మన దేశంలో ప్రమాణం పెట్టారు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు చేయించి, ఆ రికార్డులు వారికి అందుబాటులో ఉంచాలన్నది చట్టం ఏనాడో చెప్పిన మాట, కాంట్రాక్టు కార్మికుడైనా అంతే. నాన్నగారి రికార్డుల నకళ్లు లిఖితపూర్వకంగా అడిగి తీసుకుని వైద్యుడికి చూపించండి. పొగ తాగే అలవాటుంటే ఈ రోజే మానిపించండి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది. డ్యూటీ దిగాక కర్మాగారంలోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని రమ్మనండి. పని బట్టలు ఇంటికి తెచ్చుకోక తప్పకపోతే, పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.